సంతకం వాషింగ్టన్‌లో, జాడ సైదాబాద్‌లో!

మీకు తెలుసా? ఎక్కడో ఒక దేశాధ్యక్షుడు కాగితం మీద సంతకం పెడితే, ఆ సిరా మరక మన సైదాబాద్, దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ వైపు కూడా పడుతుంది. నమ్మబుద్ధి కావడం లేదా? ఐ.ఎస్. సదన్ చౌరస్తాలో నిలబడండి. ఏ రోడ్డు పట్టినా ఒక ప్రెసిడెంటు ఎదురవుతాడు!

మూసారాంబాగ్ మెట్రో స్టేషన్ నుంచి మొదలుపెడదాం. ఆ పేరు ఒక ఫ్రెంచి సేనానిది అని మీకు తెలుసా? ఆయన మిషెల్ రేమండ్, రెండో అసఫ్ జా నిజాం అలీ ఖాన్ కొలువులో ఉన్నవాడు. ముస్లింలకు మూసా రహీం, హిందువులకు మూసా రాం. సమాధి ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద నేటికీ ఉంది. ఫ్రాన్సులో పుట్టి మలక్‌పేటలో రెండు మతాల వాళ్లకూ సొంతమనిషి అయిపోయాడు!

రేమండ్ చేతికింద ఎంతమంది సిపాయిలు? దాదాపు 14,000. ఆయన 1798 మార్చిలో కన్నుమూశాడు. సెప్టెంబరు 1న నిజాం ఇంగ్లీషు వాళ్లతో సంధి రాసుకున్నాడు. అక్టోబరు 22న ఫ్రెంచి అధికారుల కింద ఉన్న ఆ సైన్యాన్ని ఆయుధాలు దించమన్నారు, దించేశారు. సేనాని పోయిన ఏడు నెలలకే సైన్యం మాయం!

అసలు ఆశ్చర్యం ఇక్కడుంది. సరిగ్గా అదే 1798లో అమెరికా కూడా ఫ్రాన్సుకు కటీఫ్ చెప్పిందని మీకు తెలుసా? రెండో అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ హయాంలో, జులై 7న, ఫ్రాన్సుతో ఉన్న ఒప్పందాలన్నీ చెల్లవని తేల్చేశారు. అప్పటి అమెరికా రాజధాని ఫిలడెల్ఫియా. రెండు నెలల తేడాతో ఫిలడెల్ఫియా, హైదరాబాద్ రెండూ పారిస్ చెయ్యి వదిలేశాయి!

ఆ తర్వాత అమెరికా ఖండాల అవతలి దేశాలతో, యుద్ధం లేని వేళ, అమెరికా సైనిక కూటమి కట్టడానికి ఎంతకాలం పట్టింది? దాదాపు 150 ఏళ్లు. 1949లో ట్రూమన్ హయాంలో నాటో వచ్చేదాకా ఆగింది. మరి ఇంగ్లీషు వాళ్లతో నిజాంల పొత్తు ఎన్నాళ్లు సాగింది? 1798 నుంచి 1947 దాకా, అంటే 149 ఏళ్లు. ఒకరు కూటమి లేకుండా, ఇంకొకరు కూటమి వదలకుండా, ఇంచుమించు ఒకే లెక్క!

ఆ రోజుల్లో ఫ్రాన్సులో ప్రెసిడెంటు పదవి ఎంతకాలమో చెప్పగలరా? మూడు నెలలు! డైరెక్టరీ అనే ఐదుగురి మండలిలో వంతులవారీగా ఆ కుర్చీ ఎక్కేవారు. మన కాలేజీ పిల్లల క్వార్టర్లీ పరీక్షల్లాగా ప్రెసిడెంటు మారిపోయేవాడు!

జాన్ ఆడమ్స్ తన సమాధి మీద ఏం రాయించుకోవాలనుకున్నాడో మీకు తెలుసా? స్వాతంత్ర్య పోరాటం గురించి కాదు. అధ్యక్ష పదవి గురించీ కాదు. 1800లో ఫ్రాన్సుతో శాంతి కుదిర్చే బాధ్యతను నెత్తిన వేసుకున్నవాడు ఇక్కడున్నాడు, అంతే చాలన్నాడు. ఆ శాంతి ఆయన సొంత పార్టీని రెండుగా చీల్చింది. ఎన్నికల్లోనూ ఓడిపోయాడు. అయినా ఆయనకు పెద్ద గర్వకారణం అదే!

జార్జి వాషింగ్టన్‌కూ మన గుంటూరుకూ లంకె ఉందా? ఉంది! 1781లో యార్క్‌టౌన్ దగ్గర వాషింగ్టన్ చేతిలో ఓడిన జనరల్ ఎవరు? కార్న్‌వాలిస్. ఆయనే 1786లో గవర్నర్ జనరల్‌గా ఇండియాలో దిగాడు. 1788లో నిజాం దగ్గర్నుంచి గుంటూరు సర్కారును తీసేసుకున్నాడు. మరుసటి ఏడాది వాషింగ్టన్ అమెరికాకు తొలి అధ్యక్షుడయ్యాడు. అమెరికా పోతేనేం, గుంటూరు దక్కింది దొరగారికి!

ఇప్పుడు గుండె చిక్కబట్టుకోండి. నిజాం సైన్యంలో ఒక అమెరికన్ పనిచేశాడని మీకు తెలుసా? పేరు జాన్ పార్కర్ బాయిడ్, ఊరు మసాచుసెట్స్‌లోని న్యూబరీపోర్ట్. 1789లో ఓడెక్కి వచ్చాడు. సొంతంగా దళాన్ని కూడగట్టుకుని నిజాం దగ్గర జీతానికి కుదిరాడు. రేమండ్ ఉన్న హైదరాబాద్‌లోనే ఈయనా ఉన్నాడు!

కథ అక్కడితో అయిపోలేదు. స్వదేశం వెళ్లిన బాయిడ్ 1811లో టిప్పకనూ పోరులో నాలుగో పదాతి దళాన్ని నడిపాడు. ఆ పోరులో పై అధికారి విలియం హెన్రీ హారిసన్. ఆ గెలుపు పేరు మీదే హారిసన్ 1840 ఎన్నికల్లో ఊరూరా ప్రచారం చేసుకుని అధ్యక్షుడయ్యాడు. ఎన్నాళ్లున్నాడు? 31 రోజులు! నిజాం కొలువులో రాటుదేలిన యోధుడు పాల్గొన్న పోరు ఒక ప్రెసిడెంటును తయారుచేస్తే, జబ్బు ఆయన్ని నెలరోజుల్లో తీసుకుపోయింది.

ఇక మెట్రో ఎక్కి ఎల్బీనగర్‌లో దిగుదాం. ఎల్బీ అంటే లాల్ బహదూర్ శాస్త్రి, ఇది అందరికీ తెలిసిందే. ఆ శాస్త్రిగారిని రమ్మని పిలిచి, మళ్లీ వద్దన్న అధ్యక్షుడు ఎవరో మీకు తెలుసా? లిండన్ బి. జాన్సన్. ఈయన పొడి అక్షరాలూ ఎల్బీతోనే మొదలు! 1965 ఏప్రిల్‌లో, ప్రయాణం ఇంకొన్ని వారాలే ఉందనగా, ఇప్పుడు వీలుపడదన్నాడు. శాస్త్రిగారికి మనసు నొచ్చుకుంది. మేలో మాస్కో వెళ్లారు, జూన్‌లో కెనడా వెళ్లారు. పక్కనే ఉన్న అమెరికాలో మాత్రం కాలు పెట్టలేదు. ఎల్బీకీ ఎల్బీకీ కుదరలేదు!

ఆ ఏడాదే పాకిస్తాన్‌తో యుద్ధం. సంధి ఎక్కడ కుదిరింది? తాష్కెంట్‌లో, 1966 జనవరి 10న. పెద్దమనిషిగా కూర్చున్నది సోవియట్ ప్రధాని కొసిగిన్. ఆ రాత్రి దాటకముందే శాస్త్రిగారు కన్నుమూశారు. ఎల్బీనగర్ బోర్డు చూసినప్పుడల్లా ఆ పొట్టి మనిషి నిబ్బరం గుర్తుకు రావాల్సిందే.

కానీ మీకు తెలుసా? శాస్త్రిగారికి తలుపు వేసిన జాన్సనే ఆరు నెలలకు మనవాళ్లందరికీ తలుపు తెరిచాడు! 1965 అక్టోబరు 3న, స్వేచ్ఛాప్రతిమ పాదాల దగ్గర కూర్చుని కొత్త వలస చట్టం మీద సంతకం పెట్టాడు. అంతకుముందు ఇండియాకు ఏడాదికి ఎన్ని వలస వీసాలు? ట్రూమన్ 1946లో ఇచ్చిన కోటా ప్రకారం 100. పొరపాటు చదవలేదు, వందే! దేశం మొత్తానికి! సాయంత్రం ఆరింటికి దిల్‌సుఖ్‌నగర్‌లో వచ్చే ఒక్క సిటీ బస్సు చాలు ఆ కోటా నింపడానికి.

కొత్త చట్టం తూర్పు అర్ధగోళంలో ఒక్కో దేశానికి పెట్టిన గరిష్ఠ పరిమితి 20,000. వంద ఎక్కడ, ఇరవై వేలు ఎక్కడ! ఈ రోజు డల్లాస్‌లో బతుకమ్మ ఆడుతున్నారంటే ఆ సంతకం చలవే. ఆ తర్వాత 1990లో పెద్ద బుష్ సంతకంతో హెచ్-1బి వచ్చింది. 2025 సెప్టెంబరులో ట్రంప్ దానికి లక్ష డాలర్ల ఫీజు ప్రకటించాడు. ఒక్కసారిగా ఎన్ని ఇళ్లలో రాత్రి నిద్ర కరవైందో కోచింగ్ సెంటర్ల గల్లీలనడగండి!

అమెరికా గోధుమలు తిని పెరిగిన తరం మీ ఇంట్లో ఉందా? పీఎల్-480 చట్టం మీద ఐసెన్‌హోవర్ 1954లో సంతకం పెట్టాడు. కరవొచ్చిన 1965, 66లలో జాన్సన్ ఓడలను గుప్పెట్లో పెట్టుకుని నెలనెలా లెక్క చూసి వదిలాడు. వియత్నాం యుద్ధాన్ని ఇండియా విమర్శించడం ఆయనకు గిట్టలేదు మరి. మన రేషన్ సంచీ వియత్నాం దాకా ముడిపడి ఉందని అప్పుడెవరూ చెప్పలేదు!

ఇంకో తమాషా. ఆ గోధుమలు తెలుగు పుస్తకాలను అమెరికాకు మోశాయని మీకు తెలుసా? గోధుమల ధర మనం రూపాయల్లో కట్టేవాళ్లం. ఆ రూపాయలు ఇక్కడే పేరుకుపోయాయి. 1962 నుంచి అమెరికా కాంగ్రెస్ లైబ్రరీ వాటితో భారతీయ భాషల పుస్తకాలు కొని అక్కడి విశ్వవిద్యాలయాలకు పంచింది. గోధుమలు ఇటు, తెలుగు నవలలు అటు! ఎవరికి లాభమంటారు?

1948లో మన నిజాం అమెరికా అధ్యక్షుడి సాయం కోరాడని మీకు తెలుసా? ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్, ఇండియాతో తగవు తీర్చమని ట్రూమన్‌ను కోరాడు. ట్రూమన్ తల దూర్చనన్నాడు. దాంతో ఆగస్టులో ఫిర్యాదు ఐక్యరాజ్యసమితికి చేరింది.

భద్రతామండలి ఆ ఫిర్యాదు విన్నది ఎక్కడో చెప్పుకోండి. న్యూయార్క్ అనుకుంటున్నారా? కాదు, పారిస్! తేదీ సెప్టెంబరు 16. అప్పటికి మన సైన్యం హైదరాబాద్ రాజ్యంలోకి వచ్చి మూడు రోజులైంది. మర్నాడు సెప్టెంబరు 17న నిజాం చేతులెత్తేశాడు. కేసు పిలిచిన మర్నాడే కక్షిదారు రాజీపడిపోయాడు!

ఇప్పుడు అసలు సిసలు ప్రశ్న. రాష్ట్రపతి పదవి వచ్చాక మన దేశం చేసిన మూడు పెద్ద యుద్ధాలు 1962, 1965, 1971. ఆ మూడింటిలోనూ రాష్ట్రపతి భవన్‌లో ఉన్నది ఎవరో మీకు తెలుసా? తెలుగువాళ్లే! మొదటి రెండింటికీ సర్వేపల్లి రాధాకృష్ణన్, మూడోదానికి వరాహగిరి వెంకటగిరి. ఒళ్లు గగుర్పొడవడం లేదూ?

దేశంలో జాతీయ అత్యవసర పరిస్థితి మూడుసార్లు వచ్చింది. వాటిలో బయటి శత్రువు వల్ల వచ్చినవి రెండు. 1962 అక్టోబరు 26న సంతకం రాధాకృష్ణన్‌ది. 1971 డిసెంబరు 3న సంతకం గిరిగారిది. నిర్ణయం మంత్రివర్గానిదే అనుకోండి, చెయ్యి మాత్రం రెండుసార్లూ తెలుగు చెయ్యే. చైనా యుద్ధం నెలరోజుల్లో ముగిసింది. మొదటి ఎమర్జెన్సీ ఎప్పుడు ముగిసింది? 1968 జనవరిలో! అయిదేళ్లకు పైమాటే!

రాధాకృష్ణన్ స్టాలిన్‌ను కలిశారని మీకు తెలుసా? మాస్కోలో రాయబారిగా ఉండగా రెండుసార్లు, 1950లో ఒకసారి, 1952లో ఇంకోసారి. ఆయనకు ముందు అక్కడ రాయబారిగా ఉన్నది సాక్షాత్తూ నెహ్రూ చెల్లెలు విజయలక్ష్మీ పండిత్. ఆమెకు ఒక్కసారి కూడా దర్శనం దొరకలేదు. ఆంధ్రా యూనివర్సిటీ మాజీ వైస్ ఛాన్సలర్‌కు దొరికింది!

గిరిగారు తాత్కాలిక రాష్ట్రపతి పదవికి ఏ రోజు రాజీనామా ఇచ్చారో మీకు తెలుసా? 1969 జులై 20. చంద్రుడి మీద మనిషి దిగిన రోజు! పదకొండు రోజులకు నిక్సన్ ఢిల్లీ వచ్చాడు. అప్పటికి ఆ కుర్చీలో ఉన్నది జస్టిస్ హిదాయతుల్లా. అలా నిక్సన్, గిరి ఎదురుపడే అవకాశం వారంన్నరలో తప్పిపోయింది. రెండేళ్లకు వాళ్ల దేశాలే ఎదురుబొదురుగా నిలబడ్డాయి!

1971 డిసెంబరు. నిక్సన్ బంగాళాఖాతంలోకి అణుశక్తితో నడిచే విమానవాహక నౌక ఎంటర్‌ప్రైజ్‌ను పంపాడు. ఇటు మనకు సోవియట్ రష్యాతో ఆగస్టు 9న కుదిరిన స్నేహ ఒప్పందం ఉంది. డిసెంబరు 16న ఢాకాలో పాక్ సైన్యం లొంగిపోయింది, యుద్ధఖైదీలు దాదాపు 93 వేలు. అంత పెద్ద ఓడ వచ్చింది, చూసింది, వెళ్లిపోయింది!

ఆ యుద్ధం మొదటి రాత్రే విశాఖ దగ్గర మునిగిన పాక్ జలాంతర్గామి ఘాజీ అసలు ఎక్కడ తయారైందో మీకు తెలుసా? అమెరికాలో! అక్కడి నౌకాదళంలో దాని పేరు డయాబ్లో. 1964లో, జాన్సన్ హయాంలో, లీజు మీద పాకిస్తాన్‌కు ఇచ్చారు. అది వెతుక్కుంటూ వచ్చింది మన విమానవాహక నౌక విక్రాంత్ కోసం. విక్రాంత్ ఎప్పుడో అండమాన్ల వైపు జారుకుంది. ఘాజీ మునిగింది మన దాడివల్లనని మనం, లోపల పేలుడువల్లనని పాకిస్తాన్ నేటికీ వాదించుకుంటున్నాం. అందులో ఉన్న 90 మందికి పైగా నావికుల్లో ఒక్కరూ బతకలేదు.

ఆర్కే బీచ్‌లో పిల్లలతో వెళ్లి చూసిన కురుసుర జలాంతర్గామి గుర్తుందా? అది సోవియట్ తయారీ. 1969లో మన నౌకాదళంలో చేరింది, 1971లో కాపలా కాసింది, ఇప్పుడు మ్యూజియం. అంటే విశాఖలో సోవియట్ సబ్‌మెరైన్ ఇసుక మీద, అమెరికా సబ్‌మెరైన్ నీటి అడుగున! ప్రచ్ఛన్న యుద్ధం మొత్తం ఒకే ఊళ్లో!

1978 జనవరిలో కార్టర్ ఢిల్లీ వచ్చినప్పుడు రాష్ట్రపతి ఎవరు? మన అనంతపురం బిడ్డ నీలం సంజీవరెడ్డి. ఆ పర్యటనలోనే కార్టర్ మైకు ఆన్‌లో ఉందని తెలియక, అణు విషయంలో ఇండియాకు ఘాటుగా ఉత్తరం రాయాలని తన మంత్రితో అనేశాడు. దేశాధ్యక్షుడైనా మైకు మైకే!

1995 డిసెంబరులో పోఖ్రాన్‌లో అణు పరీక్షకు ఏర్పాట్లు జరుగుతుంటే అమెరికా ఉపగ్రహాలు పసిగట్టాయి. క్లింటన్ ఫోన్ చేశాడు. అవతల ఫోనెత్తింది అప్పటి ప్రధాని, మన వంగర పీవీ. పరీక్ష ఆగింది. కానీ ఏర్పాట్లు పారేశారా? లేదు! మౌనానికి మారుపేరైన మనిషి దగ్గర ఇంకేం రాబట్టగలరు?

2000 మార్చి 24న క్లింటన్ హైదరాబాద్ వస్తే చంద్రబాబు ఆయన చేతికి ఏమిచ్చారో మీకు తెలుసా? ఆంధ్రప్రదేశ్ డ్రైవింగ్ లైసెన్సు! అధ్యక్షుణ్ణి స్టీరింగ్ దగ్గరికే రానివ్వరు, అయినా లైసెన్సు ఉంది!

2006 మార్చిలో చిన్న బుష్ వచ్చి హైదరాబాద్‌లో కాన్సులేట్ పెడతామన్నాడు. 2008లో అది బేగంపేట పైగా ప్యాలెస్‌లో తెరుచుకుంది. అప్పటిదాకా వీసా ఇంటర్వ్యూకు ఫైలు చంకన పెట్టుకుని చార్మినార్ ఎక్స్‌ప్రెస్‌లో చెన్నై వెళ్లాల్సిందే. ఒక్క ప్రకటనతో ఎన్ని రైలు టికెట్లు మిగిలాయో!

ఒబామా 2010లో మొదలుపెట్టిన ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు 2017 నవంబరు 28న హైదరాబాద్‌లో మొదలైంది. వచ్చింది ట్రంప్ కూతురు ఇవాంకా. హైదరాబాద్ మెట్రో ప్రారంభోత్సవం ఏ రోజు? అదే రోజు!

ఇప్పుడు సైదాబాద్ నుంచి సంతోష్‌నగర్ మీదుగా కంచన్‌బాగ్ వైపు రండి. ఒవైసీ ఆస్పత్రి దగ్గరి ఫ్లైఓవర్‌కు ఎవరి పేరు? ఏపీజే అబ్దుల్ కలాం. ఊరికే పెట్టలేదు. 1982లో ఆయన అక్కడి క్షిపణి పరిశోధనశాల డీఆర్‌డీఎల్‌కు డైరెక్టరుగా వచ్చారు. పృథ్వి, అగ్ని ఆ ప్రాంగణంలోనే ఊపిరి పోసుకున్నాయి. ఫ్లైఓవర్ మీద ట్రాఫిక్‌లో ఆగిపోయినవాళ్లంతా అటు చూసి ఓ దండం పెట్టుకోవచ్చు!

కలాం రాకెట్ పాఠాలు నేర్చింది ఎక్కడో మీకు తెలుసా? అమెరికాలో, నాసాలో! కెనడీ అధ్యక్షుడిగా ఉన్న రోజులవి. వాలప్స్ కేంద్రంలో గోడ మీద ఒక బొమ్మ చూసి ఆగిపోయారట. ఇంగ్లీషు సైన్యం మీద రాకెట్లు విసురుతున్న టిప్పు సుల్తాన్ సిపాయిలు! 1792, 1799 యుద్ధాల్లో మన నిజాం ఇంగ్లీషు వాళ్ల పక్షాన ఉన్నాడు. ఆ రాకెట్ల వారసుడు చివరికి నిజాం ఊళ్లోనే దుకాణం తెరిచాడు!

1963 నవంబరు 21. కేరళలోని తుంబాలో మన గడ్డ మీది నుంచి తొలి రాకెట్ ఎగిరింది. చర్చి భవనంలో అన్నీ సిద్ధం చేసుకున్న బృందంలో కలాం ఉన్నారు. రాకెట్ ఎవరిది? నాసా ఇచ్చిన నైక్-అపాచీ. మర్నాడే డల్లాస్‌లో కెనడీ హత్య. ఆ రెండు వార్తల మధ్య తేడా ఒక్క రోజు!

రాకెట్ ఇచ్చిన చేయే తలుపు మూసింది. 1987లో, రేగన్ హయాంలో, ఏడు సంపన్న దేశాలు కలిసి క్షిపణి పరిజ్ఞానం బయటివాళ్లకు అందకుండా ఒక కట్టడి పెట్టుకున్నాయి. ఆ మరుసటి ఏడాది ఫిబ్రవరి 25న పృథ్వి ఎగిరింది. 1989 మే 22న అగ్ని ఎగిరింది. ఇవ్వనంటే చేసుకోలేమా?

1998 మేలో అణు పరీక్షల వేళ పోఖ్రాన్‌లో ఆర్మీ దుస్తులు వేసుకుని తిరిగిన మేజర్ జనరల్ పృథ్వీరాజ్ ఎవరో మీకు తెలుసా? కలామే! మారుపేరు కూడా కంచన్‌బాగ్ క్షిపణిని గుర్తుచేసేదే. ఉపగ్రహాలు ఈసారి కనిపెట్టలేకపోయాయి. క్లింటన్ మే 13న ఆంక్షలు విధించాడు. ఆ ఏడాది చివరికి అమెరికా ఆంక్షల జాబితాలో డీఆర్‌డీఎల్ పేరూ ఉంది, పక్కనున్న భారత్ డైనమిక్స్ పేరూ ఉంది. మన సైదాబాద్ మనిషి టిఫిన్ డబ్బా పట్టుకుని డ్యూటీకి వెళ్లే గేటు మీద అమెరికా అధ్యక్షుడి కన్ను!

2002లో కలాం రాష్ట్రపతి అయ్యారు. 2006 మార్చి 2న బుష్ ఢిల్లీలో అణు ఒప్పందానికి దారి వేసుకుని, సాయంత్రం రాష్ట్రపతి భవన్‌కు విందుకు వెళ్లాడు. పిలిచి కూర్చోబెట్టింది కలాం. ఆ రాత్రి కూడా డీఆర్‌డీఎల్ ఆ అమెరికా జాబితాలోనే ఉందని మీకు తెలుసా? విందు పెట్టిన పెద్దాయన పాత ఆఫీసుకు అమెరికా నుంచి కీలక పరికరం కావాలంటే ప్రత్యేక అనుమతి కావాలి!

ఎప్పుడు తీశారు మరి? 2011 జనవరిలో, ఒబామా హయాంలో. పెట్టింది ఒక అధ్యక్షుడు, సగం సడలించింది ఇంకొకరు, పేరు కొట్టేసింది మూడో ఆయన. పన్నెండేళ్లు పట్టింది! 2016 జూన్ 27న, మనల్ని ఆవల నిలబెట్టిన ఆ క్షిపణి కట్టడిలోనే ఇండియా సభ్యురాలైంది.

చివరి ప్రశ్న. రష్యాతో కలిసి మనం చేసిన బ్రహ్మోస్ క్షిపణిని మొట్టమొదట కొన్న పరాయి దేశం ఏది? ఫిలిప్పీన్స్. 2022 జనవరిలో దాదాపు 37 కోట్ల 50 లక్షల డాలర్ల బేరం. 2024 ఏప్రిల్‌లో తొలి విడత అక్కడ దిగింది. ఆ బ్రహ్మోస్‌ల కూర్పు కేంద్రాల్లో ఒకటి మన హైదరాబాద్‌లోనే ఉంది. ఆ ఫిలిప్పీన్స్ ఎవరి మిత్రదేశమో మీకు తెలుసా? 1951లో ట్రూమన్ హయాంలో రాసుకున్న రక్షణ ఒప్పందం ప్రకారం... అమెరికాది!